చల్లార్చి ఉంచండి

చేతిలో మౌసు ఉంటే లోకం మొత్తం చెప్పుచేతల్లో ఉన్నట్టే అనిపించిన కాలం ఒకటి నా జీవితంలో నడిచింది. 2012 ప్రాంతం. పెళ్లి కాలేదు, జుట్టు రాలలేదు, తప్పులన్నీ ఎదుటివాళ్లే చేస్తారన్న నమ్మకం ఇంకా సడలలేదు. సూర్యాపేటలో రైసు మిల్లుల యంత్రాలు అమ్మి, బిగించి, చెడిపోతే బాగుచేసే ఒక కంపెనీలో నేను అడ్మినిస్ట్రేటర్‌ని. (ఆ మాట విని మా అమ్మ, ఆఫీసు మొత్తానికి నేనే పెద్దననుకుంది. ఆ అపోహను సరిదిద్దే శ్రమ నేను తీసుకోలేదు.) నిజానికి నా పని అందరికీ పాస్‌వర్డులు పెట్టడం, మరిచిపోయినవాళ్లకు మళ్లీ పెట్టడం, ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగడం. మాకు కోదాడలో ఒక శాఖ, మిర్యాలగూడలో ఒక శాఖ ఉండేవి. మూడుచోట్లా కంప్యూటరు ఏం చేసినా, ఏం చేయకపోయినా ఫోను నాకే వచ్చేది. ఫోను మోగినప్పుడల్లా విసుక్కున్నట్టు కనిపిస్తూ లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఏ మిల్లు నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక పనిగా రాసుకునేవాళ్లం. ఏ ఫిట్టర్ వెళ్లాడు, ఏం చూశాడు, ఏ సామాను మార్చాడు, అంతా అందులోనే. పని అయిపోతే మూసేయాలి. ఆ పనిలో చిన్న మార్పు జరిగినా మిల్లు యజమాని సెల్‌ఫోనుకి, ఫిట్టర్ సెల్‌ఫోనుకి మెసేజ్ వెళ్లేలా ఏర్పాటు చేసింది నేనే. మెసేజ్ రాసిందీ నేనే. "మీ మిల్లు పనిలో కదలిక ఉంది. మా ఫిట్టర్ బయలుదేరుతున్నాడు. దయచేసి బాయిలర్ ఆర్పి, మిషన్లు చల్లార్చి ఉంచండి." ఆ చివరి వాక్యం వెనక చాలా బాధ ఉంది. మావాళ్లు అంతదూరం వెళ్లేసరికి మిల్లు ఇంకా వేడి మీదే ఉండేది, అది చల్లారేదాకా వీళ్లు చెట్టు కింద పేకాడేవాళ్లు, పొద్దు గూకేది. నా మెసేజ్ మొదలయ్యాక ఆ బాధ తీరింది. పెద్దసారు, అంటే మా యజమాని, నలుగురిలో నా భుజం తట్టాడు కూడా. ఆ తట్టుడు తలకెక్కిందని ఇప్పుడు తెలుస్తోంది.

అయితే పెద్దసారుకి ఇంకో బాధ మిగిలింది. యంత్రాల డ్రాయింగులు ఒక కంప్యూటర్లో, కొటేషన్లు ఇంకో కంప్యూటర్లో, ఫిర్యాదులు ట్రాకర్లో ఉండేవి. ఎవరికి ఏది కావాలన్నా ముగ్గురికి ఫోన్ చేయాలి. దాంతో ఆయన ఎవరో చెప్పారని ఒక సెర్చ్ సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. ఒక్క డబ్బాలో మాట కొడితే ఆఫీసులో ఆ మాట ఎక్కడున్నా తెచ్చి ముందు పెడుతుంది. డ్రాయింగులు, కొటేషన్లు దానికి తగిలించడం తేలికగానే అయిపోయింది. ఇక ట్రాకర్‌ని తగిలించాలి. "గీ మూడు రోజుల్ల అయితదా?" అన్నాడు పెద్దసారు. "రేపు మీరు అన్నం తినేలోపల అయితది సర్" అన్నాను. మూడు రోజులు ఇస్తానన్నవాడికి ఒక పూట చాలునని చెప్పడంలో ఎంత మత్తుందో ఆ వయసువాళ్లకే తెలుసు.

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. సెర్చ్‌కి ట్రాకర్ తలుపు తెరిచే తాళంచెవి లాంటిది ఇచ్చాను. ఏ పనులు చదవాలో చెప్పమంది. మా ట్రాకర్లో నేను సరదాకి రాసిన ఉత్తుత్తి పనులు కొన్ని ఉన్నాయి. (వాటిలో ఒకదాని పేరు "పెద్దసారు గురక, రిపేరు". అది కనపడితే నా ఉద్యోగానికి రిపేరు.) కాబట్టి అసలు పనులన్నిటికీ ఒక గుర్తు తగిలించి, ఆ గుర్తున్నవే చదవమని చెబుదామనుకున్నాను. ఈ మాట కోదాడ బాబాయికి ఫోనులో గొప్పగా చెప్పాను. ఆయన కోదాడ శాఖ ఇన్‌ఛార్జి. ఒకప్పుడు ఫిట్టర్. అందరికీ బాబాయే. అంతా విని ఆయన, "ముందు ఒక్కదానికి పెట్టి చూసుకోరా అబ్బాయ్. తర్వాత మిగతావి చూద్దువుగాని. తొందరేం వచ్చింది ఇప్పుడు?" అన్నాడు. "బాబాయ్, ఇది నట్లు బిగించుడు గాదు" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు కాలుతున్నాయి. అటు నుంచి చిన్న నవ్వు. "సరేలే నాయనా, నీ ఇష్టం."

కంపెనీ పుట్టినప్పటి నుంచి ఉన్న పనులన్నిటినీ, మూసినవీ తెరిచినవీ కలిపి, ఒక్కసారే ఎంచుకున్నాను. గుర్తు రాశాను. కింద చిన్న అక్షరాల్లో ఒక గడి, అందులో ముందే పెట్టి ఉన్న టిక్కు: "సంబంధించిన వారికి తెలియజేయి". చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. సంబంధించినవాణ్ణి నేనే కదా, నాకే ఏదో తెలియజేస్తుంది కాబోలు అనుకున్నాను. నొక్కాను. తెర మీద పచ్చటి గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంటే కుర్చీలో వెనక్కి వాలి చాయ్ చెప్పాను.

చాయ్ కంటే ముందు ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ వైపు ఒక పాత యజమాని. "ఏం సారు, ఎట్లున్నరు? మిల్లు అమ్మి యాడాదులాయె. గిప్పుడు బాయిలర్ యాడికెల్లి తెచ్చి ఆర్పాలె?" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. రెండో ఫోన్ మా ఫిట్టర్‌ది. "అన్నా, నా ఫోన్ల మెసేజ్‌లు ఆగుతలేవు. హుజూర్‌నగర్ పొమ్మంటున్నది, నేరేడుచర్ల పొమ్మంటున్నది, సచ్చిపోయిన సేటు మిల్లుకు గూడ పొమ్మంటున్నది. ముందుగాల యాడికి పోవాలె?" ఈసారి నవ్వలేదు. గుర్తు తగిలించడమూ మార్పే కాబట్టి ప్రతి పాత పనికీ నా మెసేజ్ పోతోందని అప్పుడు వెలిగింది. గీత సగం దాటింది. ఆపే బటన్ కోసం వెతికాను. కంపెనీ మొత్తానికి వెతుకులాట నేర్పబోతున్న నాకు ఆ ఒక్క బటన్ దొరకలేదు. కంప్యూటర్ వైరు పీకేశాను. (పని జరుగుతున్నది ఎక్కడో ఉన్న సర్వర్లో. వైరు పీకితే నా తెర మాత్రమే ఆరింది. నాకు మాత్రం కాసేపు ఊరటగా ఉండింది.)

మూడో ఫోన్ మిర్యాలగూడ అక్కది. ఆ శాఖలో ఫోన్లన్నీ ఎత్తేది ఆమె. అటువైపు ఏ మిల్లులో ఏం జరుగుతున్నదో ఆమెకు తెలియనిది లేదు. "తమ్మీ, ఏం జేసినవ్ నువ్వు? గీడ నేను ఒక్క ఫోన్ పెడితే నాలుగు మోగుతున్నయ్. పెద్ద మిల్లులోళ్లు అడుగుతున్నరు, నిజంగ ఆపాల్నా అని. వద్దని చెప్తున్న. గని గొర్ల సేటు ఫోన్ ఎత్తుతలేడు."

గొర్ల సేటు సేటు కాదు. త్రిపురారం దగ్గర కాలువ పక్కన పాత మిల్లొకటి లీజుకు తీసుకున్న మనిషి. తాతల నాటి నుంచి గొర్రెలు కాసిన ఇల్లు. మందంతా అమ్మి మిల్లులో పెట్టాడని ఊరివాళ్లు వేళాకోళంగా ఆ పేరు పెట్టారు, ఆయన దాన్ని గౌరవంగానే తీసుకున్నాడు. ఉప్పుడు బియ్యం ఆడిస్తాడు. వడ్లను తొట్లలో నానబెట్టి, బాయిలర్ ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడించాలి. నానిన వడ్లకు వేళకు ఆవిరి పట్టకపోతే పులుస్తాయి. పులిసిన బియ్యం వాసన ఏం చేసినా పోదు. "నిన్న పొద్దుగాల రెండు తొట్లు నింపిండు" అంది అక్క. "ఒకదాంట్ల ఊరోళ్ల వడ్లు, ఒకదాంట్ల ఆయనయి. పొద్దుగూకేలోపు ఆవిరి పట్టకపోతే ఖతం. ఇదే ఆయనకు మొదటి సీజను తమ్మీ. ఊరోళ్ల వడ్లు ఖరాబైతే ఇగ ఆ మిల్లు మొఖం ఎవరు సూస్తరు?"

తప్పయింది, బాయిలర్ ఆర్పకండి అని మళ్లీ మెసేజ్ పంపబోయాను. ముందే కొనిపెట్టుకున్న మెసేజ్‌లన్నీ ఆ ఒక్క దెబ్బతో ఖర్చయిపోయాయి. గొర్ల సేటుకి నేనే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. ఇక పెద్దసారు గదిలోకి వెళ్లక తప్పలేదు.

"ఏందిరా, అయిందా?"

"అయింది సర్. చిన్న మెసేజ్ ఒకటి పోయింది."

"ఎవరికి?"

"అందరికి సర్."

"అందరికంటే?"

"మనకు తెలిసినోళ్లందరికి."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. "ఫిట్టర్లంత యాడున్నరు?" అన్నాడు. నా మెసేజ్‌లు పట్టుకుని తలా ఒక దిక్కు పోయారని చెప్పాను. "ఇగ నువ్వే పో" అన్నాడు. నేను మిల్లు లోపలికి ఎన్నడూ వెళ్లలేదని చెప్పబోయి ఆయన ముఖం చూసి మానేశాను.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా బండి మీద ఎలా వెళ్లానో గుర్తులేదు. గుర్తున్నది పొగ గొట్టాలే. రోడ్డుకి అటూఇటూ మిల్లు కనిపించినప్పుడల్లా తలెత్తి పొగ వస్తున్నదా అని చూసేవాణ్ణి. వస్తే ప్రాణం లేచొచ్చేది. మిర్యాలగూడలో అక్క ఆఫీసు బయటే నిలబడి ఉంది. దిగబోతే, "దిగకు. ఇంక ఎత్తలే. పో" అని చెయ్యి ఊపింది. కోతల కాలం. వడ్ల ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమించుకుని నత్తల్లా పోతున్నాయి. ఒక్కోదాన్ని దాటుతూ, ఫోన్ ఎందుకు ఎత్తడంలేదో మనసులో వందరకాలుగా ఊహించుకున్నాను. ప్రతి ఊహలోనూ తప్పు ఆయనదే అయ్యేలా చూసుకున్నాను. అదొక విద్య.

కాలువ దాటగానే మిల్లు కనిపించింది. గొట్టంలో పొగ లేదు.

గేటు దగ్గరే గొర్ల సేటు ఎదురొచ్చాడు. భుజాన ఉతికిన తువ్వాల. వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి, నా కోసం కుర్చీ, దాని పక్కన స్టూలు మీద చాయ్ గ్లాసు. ఆయన ముఖంలో వెలుగు చూస్తే పెళ్లివారికి ఎదురొచ్చిన మనిషిలా ఉన్నాడు. "రా సారు, రా. సీజను మొదట్ల ఫోన్ జేసి చెప్పిన, ఎలివేటర్ బెల్టు జారుతున్నదని. ఎవ్వరు రాలే. ఇయ్యాల కనికరించిన్రు. మెసేజ్ రాంగనే మా పిల్ల సదివింది. సదివినంక ఆగుతనా? నిప్పు గుంజేసిన. జల్ది సల్లారాలె గదా, నీళ్లు గూడ కొట్టిన." అంటూ పొయ్యి వైపు చూపించాడు. ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, మిషన్లన్నీ తుడుస్తూ దాన్ని ఇంట్లో పెట్టాడట.

వడ్లను పైకి మోసే ఆ బెల్టు ఫిర్యాదు నాకు గుర్తొచ్చింది. దసరా ముందు పెద్దసారుకి ట్రాకర్ చూపించాల్సి వచ్చి, తెరిచి ఉన్న పనులు ఎక్కువ కనపడితే బాగుండదని కొన్నిటిని "ఫోన్‌లో పరిష్కరించబడింది" అని రాసి మూసేశాను. అందులో ఇదొకటి. ఈయనతో నేను ఫోన్‌లో మాట్లాడనే లేదు. ఇప్పుడే మొదటిసారి మాట్లాడుతున్నాను. అదీ ఏమని? నీ బాయిలర్ మళ్లీ వెలిగించమని.

చెప్పాను. మెసేజ్ పొరపాటున వచ్చిందని, ఫిట్టర్ రావడంలేదని, నేను కంప్యూటర్ మనిషినని చెప్పాను. చెబుతూ చాయ్ గ్లాసు వైపే చూస్తున్నాను. లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లి గుప్పెడు వడ్లు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మేమిద్దరం ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాం. "ఇంక పుల్లవడలే" అంది. "గని ఎక్వసేపు ఆగదు." అప్పుడు గొర్ల సేటు తువ్వాల నడుముకి బిగించి నా వైపు తిరిగాడు. "నిలవడి సూస్తవేంది? సెప్పులిడువు. ఊక ఎత్తు."

నా కాళ్లకు ఉన్నవి చెప్పులు కావు, కొత్త బూట్లు. విప్పాను. తడిసిన పొయ్యి నిప్పు పట్టదు. ఊక వేస్తే బుస్సున పొగ, అంతే. నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చి మూలనున్న డీజిల్ డబ్బా అందుకున్నాను. అదే సమయానికి కోదాడ బాబాయి ఫోన్. అక్క చెప్పిందట. "ఏం చేస్తున్నావురా?" "డీజిల్ పోస్తున్న బాబాయ్." "ఒరేయ్! పెట్టు కింద! ముందు దాన్ని కింద పెట్టి అవతలికి జరుగు!" అని ఆయన పెట్టిన కేక ఫోన్ లేకపోయినా వినిపించేది. "తడి బూడిదంతా లాగెయ్యండి. అడుగున గాలి ఆడాలి. పొడి కట్టెలతో అంటించి, మెల్లగా ఊక చల్లండి. ఫోను సేటుకివ్వు. నువ్వు మాత్రం బూడిద లాగు, ఆలోచించకు." బాబాయి ఆ రోజు నాకిచ్చిన బాధ్యతల్లో ఆఖరిదే అన్నిటికంటే బాగా నెరవేర్చాను.

బూడిద లాగాం. కట్టెలు పేర్చాం. నేను ఊక తట్టలు మోస్తూ ఉంటే అది చొక్కాలోకి, చెవుల్లోకి, కళ్లల్లోకి పోయింది. గొర్ల సేటు మంట దగ్గర కూర్చుని చంటిపిల్లకు పాలు పట్టినట్టు ఊక చల్లుతున్నాడు. ఆవిరి ఎంత ఉందో చూపే ముల్లు మాత్రం కదల్లేదు. పొద్దు కాలువ వైపు దిగుతోంది. ఆమె మధ్యమధ్య వచ్చి వడ్లు వాసన చూసి వెళ్తోంది. ప్రతిసారీ ఆమె ముఖం కొంచెం ముడుచుకుంటోంది. "వదినా, ఎట్లుంది?" అంటే "నువ్వు ఊక తే" అంది. చాలాసేపటికి ముల్లు వణికి, లేచి, మెల్లగా పైకి నడిచింది. నేను కేక పెట్టాను. గొర్ల సేటు పెట్టలేదు. ఆ పాత బాయిలర్ ఒకసారికి ఒక తొట్టికే ఆవిరి ఇవ్వగలదు. రెండో తొట్టి వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుందని ముగ్గురికీ తెలుసు.

ఆయన రెండు తొట్ల మధ్య నిలబడ్డాడు. ఒకటి ఊరివాళ్లది, ఒకటి తనది. భార్య వైపు చూశాడు. "గట్ల సూస్తవేంది?" అంది ఆమె. "ఊరోళ్లదానికి ఇడువు." ఆయన వాల్వు తిప్పాడు. ఆవిరి బుసకొడుతూ వడ్లలోకి దూరింది. ఉడికిన వడ్ల వాసన కమ్మగా మిల్లంతా కమ్ముకుంది. ఆ వాసనకి నాకు ఏడుపొచ్చింది. ఊక కళ్లలో పడిందన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఊరివాళ్ల వడ్లు దక్కాయి. సేటు వడ్లు ముక్కిపోయాయి. మావాళ్లు మర్నాడే వెళ్లి బెల్టు మార్చారు. పెద్దసారు నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. సెర్చ్ డబ్బా తెరిచి తన చేత్తో ఏదో మాట కొట్టాడు. నేను పంపిన మెసేజ్ ప్రతి పనిలోనూ నమోదైపోయింది కదా, ఏది వెతికినా మొదట "చల్లార్చి ఉంచండి" అనే వచ్చింది. "ట్రాకర్‌నైతే మంచిగనే తగిలించినవ్" అన్నాడు. ఆ రెండు ముక్కలు మోయడం ఊక తట్టలకంటే బరువైంది.

ఆ ముక్కిన వడ్లు ఆడించాక నేను మళ్లీ త్రిపురారం వెళ్లి రెండు బస్తాల బియ్యం అడిగాను. "నీకెందుకు పిలగా?" అన్నాడు గొర్ల సేటు. "తింట" అన్నాను. ఆ కుటుంబం ఏడాదంతా అదే తింటుంటే నేను హోటల్లో తెల్లన్నం తినడం అన్యాయమని తోచింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బస్తాలు బండికి కట్టించాడు. సూర్యాపేటలో నా గదిలో ఆ అన్నం ఉడికితే మేడ మీదివాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. నాతో ఉండే దోస్తు వారం ఓర్చుకుని వేరే గది కిరాయికి తీసుకున్నాడు. నేను మాత్రం వదల్లేదు. ఆవకాయ కలిపి, ముక్కు బిగపట్టి, ప్రతి ముద్దకీ గొర్ల సేటు ఇంటి పొయ్యిని తలచుకుంటూ తిన్నాను. తినేకొద్దీ మంచివాణ్ణవుతున్నట్టు, సన్నటి గర్వం కూడా. బస్తాలు రెండూ ఖాళీ అయ్యేసరికి ఎండలు ముదిరాయి.

ఆ ఎండల్లోనే ఏదో పని మీద అటు వెళ్లి మిల్లు దగ్గర ఆగాను. తొట్ల నిండా వడ్లు, వాకిట్లో ట్రాక్టర్లు. ఊరు ఆయన్ని వదల్లేదు. వదిన మంచినీళ్లిచ్చింది. ఇక దాచుకోలేక చెప్పాను. "ఆ బియ్యం మొత్తం తిన్న వదినా. ఒక్క గింజ పారేయలే. మీరెట్ల తింటున్నరో అనుకుంట నేను గూడ తిన్న."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూశాడు.

"మేమెప్పుడు తిన్నం?" అంది వదిన. "బర్లకు పెట్టినం. అవి గూడ మొదట్ల మూతి తిప్పినయ్." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొర్ల సేటు మాత్రం నవ్వలేదు. నా భుజం మీద చెయ్యేసి, జాలిగా, "నిజంగనే తిన్నవా పిలగా?" అన్నాడు.

ఇప్పుడు నా జుట్టు చాలావరకు రాలిపోయింది. పెద్ద కంపెనీల్లో ఇంతకంటే పెద్ద సాఫ్ట్‌వేర్లు తగిలించాను, మొదట ఒక్కదానితో చూసుకునే అలవాటూ చేసుకున్నాను. అప్పుడప్పుడు ఆ కుర్రవాడు కళ్ల ముందుకొస్తాడు. కిటికీ మూసిన గదిలో ఒక్కడే కూర్చుని, గేదెలు కూడా మూతి తిప్పిన అన్నాన్ని ప్రాయశ్చిత్తం అనుకుని శ్రద్ధగా నములుతుంటాడు. పోయి చెప్పాలనిపిస్తుంది, చాల్లే నాయనా, లేచి చెయ్యి కడుక్కో అని. వినడు. ఇంకాస్త ఆవకాయ వేసుకుంటాడు.